చిత్రిక నుంచి థిక్‌నెస్ ప్లేనర్ దాకా: ఒక పలక మందం వెనకున్న కథ

గూడూరు నుంచి ఇంకో ఎపిసోడ్. ఈ రోజు సబ్జెక్ట్ పేరు చెప్పగానే సగం మంది స్క్రోల్ చేసేస్తారని తెలుసు, అయినా చెప్తున్నా: చెక్క పలక మందం. రెండు నిమిషాలు ఆగండి. ఈ కథలో ఒక జైలు ఉంది, నౌకాదళం ఉంది, 28 ఏళ్లపాటు అమెరికా వడ్రంగుల్ని ఆడించిన ఒక పేటెంట్ ఉంది, తెగిపోయిన వేళ్లు ఉన్నాయి, చివరికి మన గూడూరు మైకా కూడా ఉంది.

ముందు అసలు సమస్య ఏందో చూద్దాం. మీ ఇంట్లో పాత టేకు తలుపు ఉంటే దాని దగ్గరికి పోండి. చట్రంలో నిలువు చెక్క, అడ్డ చెక్క కలిసే చోట వేలు పెట్టి మెల్లగా జరపండి. వేలికి మెట్టులాంటిది ఏమీ తగల్లేదనుకోండి, ఆ రెండు చెక్కలూ ఒకే మందంలో ఉన్నాయని అర్థం. అర మిల్లీమీటరు తేడా ఉన్నా వేలు పట్టేస్తుంది. కన్ను మోసపోవచ్చేమో గానీ వేలు మోసపోదు.

కోత మిల్లు నుంచి వచ్చే పలక అట్టా ఉండదు. ఒక కొన దగ్గర 26 మిల్లీమీటర్లు, ఇంకో కొన దగ్గర 24. మధ్యలో కొంచెం కప్పులాగా వంగి ఉంటది. కొన్ని పలకలు తడి గుడ్డని పిండినట్టు మెలి తిరిగి ఉంటాయి. దాన్ని మొదలు నుంచి చివరి దాకా ఒకే మందానికి తేవాలి. ఇదే సమస్య, వేల ఏళ్లుగా ఇదే. దీనికి మనిషి కనిపెట్టిన మొదటి మంచి జవాబు చిత్రిక.

చిత్రిక అంటే చూడటానికి ఏమీ ఉండదు. ఒక గట్టి చెక్క దిమ్మ, దాంట్లో వాలుగా దిగ్గొట్టిన ఇనప కత్తి, అది కదలకుండా ఒక చీలిక. అంతే. ఉలితోనో బాడిశతోనో చెక్కితే కత్తి ఎంత లోతుకి దిగుతుందో చెయ్యే చెప్పాలి. చిత్రికలో ఆ పని దిమ్మ అడుగు చేస్తది. కత్తి కింద నుంచి వెంట్రుకవాసి బయటికి ఉంటే వెంట్రుకవాసే తీస్తది, మీకు ఎంత కోపం ఉన్నా అంతకంటే ఎక్కువ తియ్యదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లిమిట్ హార్డ్‌కోడ్ చేసి పెట్టారు. ఇది చాలా పాత ఆలోచన. క్రీస్తు శకం 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపే ఊళ్లో రోమన్ల చిత్రికలు దొరికాయి. ఇప్పుడు మన వడ్రంగి చేతిలో పెడితే ఒక్క నిమిషంలో గుర్తుపట్టేస్తాడు.

పేర్లు కూడా సరదాగా ఉంటాయి. మనం చిత్రిక అంటాం, కొన్ని చోట్ల తోపడ అంటారు. మనకి కిందుగా బోర్డర్ దాటి చెన్నై వైపు పోతే అరవంలో ఇళైప్పుళి, అందులో ఉన్న ఉళి మన ఉలే. పైకి హైదరాబాద్ వైపు పోతే రందా, అది పారసీ నుంచి వచ్చింది, గీకడం అని అర్థం. నాకు మాత్రం మన మాటే ఇష్టం, ఎందుకంటే తెలుగులో చిత్రిక పట్టేది చెక్కని మాత్రమే అనుకుంటే పొరపాటు. పద్యాన్ని పడతాం, కథని పడతాం, మాటని కూడా చిత్రిక పడతాం. కోడ్‌ని కూడా పట్టొచ్చు, కానీ రిలీజ్ డేట్ ఎవడూ పొడిగించడు.

చేత్తో మందం తేవడం ఎట్టాగో ఒకసారి ఊహించుకోండి. ముందు ఒక ముఖాన్ని సాపు చెయ్యాలి. పలక రెండు కొనల మీద రెండు సమానమైన కర్రలు అడ్డంగా పెట్టి, వంగి ఒక కన్ను మూసి చూస్తారు. రెండు కర్రల పై అంచులు ఒకదానికొకటి సమానంగా కనపడితే మెలిక లేనట్టు. తర్వాత ఆ సాపు ముఖం ఆధారంగా పక్క అంచుల చుట్టూ ఒక గీత గీస్తారు, కావాల్సిన మందం దగ్గర. ఇప్పుడు రెండో ముఖాన్ని ఆ గీత దాకా తియ్యాలి. గీత దాటితే పలక పాడు. ఒక తలుపుకి ఇట్టాంటి ముక్కలు ఏడో ఎనిమిదో. ఒక ఇంటికి ఎన్ని తలుపులో లెక్కేసుకోండి. భుజాలు పడిపోతాయి.

ఈ భుజబలంతోనే మన తీరంలో ఓడలు కట్టారు. గోదావరి ముఖద్వారం దగ్గర నరసాపురం 17వ శతాబ్దంలోనే ఓడల తయారీకి పేరు. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీష్ వర్తకుడు అక్కడి కలపనీ, ఇనుమునీ, వడ్రంగుల పనితనాన్నీ మెచ్చుకుంటూ రాశాడు. ఇంగ్లీష్ వాళ్లు తమ ఓడలు ఇక్కడ కట్టించుకునేవాళ్లు. కాబట్టి మెషిన్ కథ ఇంగ్లండ్‌లో మొదలైంది అంటే అక్కడి వడ్రంగులు గొప్పవాళ్లు, మనవాళ్లు తక్కువ అని కాదు. అక్కడ ఇంకో అవసరం పడింది. అదేందో చూడండి.

శామ్యూల్ బెంథామ్. ఈయన అన్న జెరెమీ బెంథామ్ పేరు పొలిటికల్ సైన్స్ చదివినోళ్లు విని ఉంటారు, పెద్ద తత్వవేత్త. తమ్ముడు ఇంజినీర్, రష్యాలో పని చేసి వచ్చాడు. 1791లో చెక్కని చిత్రిక పట్టే మెషిన్ మీద పేటెంట్ తీసుకున్నాడు. 1793లో ఇంకో పెద్ద పేటెంట్, దాంట్లో కత్తులు గుండ్రంగా తిరిగే పద్ధతులతో సహా చెక్కపని మెషిన్లు ఎన్నో వర్ణించాడు. బాగానే ఉంది, మరి వీటిని ఎవరు నడపాలి? ఇక్కడే జైలు వస్తది. అన్న జెరెమీ అప్పుడు పానాప్టికాన్ అనే జైలు ప్లాన్ వేస్తున్నాడు. గుండ్రటి బిల్డింగ్, మధ్యలో ఒక గది, ఆ గదిలో ఒక్కడు కూర్చుంటే ఖైదీలందరూ కనపడతారు, వాళ్లకి మాత్రం వాడు చూస్తున్నాడో లేదో తెలియదు. ఆ ఖైదీలతో పని చేయించాలి. వాళ్లకి వడ్రంగం రాదు. కాబట్టి పనితనం మనిషిలో కాకుండా మెషిన్లో ఉండాలి. తమ్ముడి మెషిన్లు సరిగ్గా అందుకు పనికొస్తాయి.

ఆ జైలు కట్టలేదు. కానీ ఆ ఆలోచన ఒకసారి గమనించండి. పని రాని మనిషి చేత, జీతం అడగలేని మనిషి చేత పని చేయించడానికి పనితనాన్ని ఇనుములో పెట్టేయడం. లాప్‌టాప్‌లో మౌస్ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కింద పని చేసినోళ్లకి ఆ గుండ్రటి బిల్డింగ్ కొత్తగా అనిపించదు. నాకైతే అనిపించలేదు.

జైలు పోయింది గానీ బెంథామ్ నౌకాదళంలో పెద్ద పదవిలోకి వచ్చాడు. ఓడ తాళ్లకి కప్పీలు కావాలి, ఏడాదికి లక్ష పైనే. పోర్ట్స్‌మత్ రేవులో 1800ల మొదట్లో మార్క్ బ్రూనెల్ డిజైన్ చేసి, హెన్రీ మాడ్స్‌లే తయారు చేసిన మెషిన్లు దిగాయి. 110 మంది పనివాళ్లు చేసే కప్పీల పని 10 మంది, అదీ పని రానివాళ్లు, చేసేశారు అని అప్పటి లెక్క. చరిత్ర పుస్తకాల్లో ఈ 10 గురించి గొప్పగా రాస్తారు. మిగిలిన 100 మంది గురించి వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు అసలు హీరో, లేదా అసలు విలన్, మీరే తేల్చుకోండి. విలియం వుడ్‌వర్త్, న్యూయార్క్ రాష్ట్రం. 1828 డిసెంబర్ 27న పేటెంట్. ఆయన చేసిందేందంటే, తిరిగే కత్తులకి తోడుగా రోలర్లు పెట్టాడు. కత్తి ఒకటే ఉంటే అది పలకని పైకి లాగేస్తది, చెక్క ఎగిరిపడి చీలికలు లేస్తాయి. రోలర్లు పలకని గట్టిగా బల్లకేసి నొక్కి పట్టుకుంటే కత్తి ప్రశాంతంగా కోస్తది, పలక ముందుకి నడుస్తూ ఉంటది. ఈ రోజు మీరు అమెజాన్‌లో చూసే థిక్‌నెస్ ప్లేనర్ గుండె అదే. కింద బల్ల, పైన తిరిగే కత్తుల సిలిండర్, దానికి ముందొకటి వెనకొకటి రోలర్లు. బల్లకీ కత్తికీ మధ్య ఎంత దూరం పెడితే పలక మందం అంత.

అమెరికా అప్పుడు ఇళ్లు కట్టుకుంటా ఉంది. చెక్క నేలలు, చెక్క గోడలు, ఊళ్లకి ఊళ్లు చెక్కే. అందరికీ సాపు పలకలు కావాలి. అంటే అందరికీ ఈ మెషిన్ కావాలి. పేటెంట్ 14 ఏళ్లకి, 1842లో అయిపోవాలి. వుడ్‌వర్త్ అప్పటికే చనిపోయాడు. వారసుల పేరు మీద ఇంకో 7 ఏళ్లు పొడిగించారు. అది ఇంకా నడుస్తుండగానే, 1845లో అమెరికా పార్లమెంట్ ఏకంగా ఒక ప్రత్యేక చట్టం చేసి మళ్లీ 7 ఏళ్లు ఇచ్చింది. మొత్తం 28. లాభం వారసులకంటే హక్కులు కొనుక్కున్న పెట్టుబడిదారులకే ఎక్కువ పోయింది. దేశాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకున్నారు, ఈ ప్రాంతం నీది, ఆ ప్రాంతం నాది అని. మెషిన్ వాడితే ఇన్ని అడుగులకి ఇంత అని కట్టాలి. ఎవరైనా వేరే రకంగా మెషిన్ తయారు చేస్తే కోర్టు నోటీసు. రోలర్లూ, తిరిగే కత్తులూ కలిపి వాడావా? అయితే మాదే.

1846లో ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, విల్సన్ వర్సెస్ రూసో. ప్రశ్న చాలా సింపుల్: మొదటి 14 ఏళ్లలో డబ్బులు కట్టి మెషిన్ కొనుక్కుని వాడుకుంటున్నోడు, పేటెంట్ పొడిగించగానే మళ్లీ డబ్బులు కట్టాలా? కోర్టు అక్కర్లేదంది. కొన్నోడు తన మెషిన్ని పొడిగించిన కాలంలోనూ వాడుకోవచ్చు. ఒకసారి కొన్న సాఫ్ట్‌వేర్ నెలనెలా చందా అయిపోయిన కాలంలో ఉన్నాం కాబట్టి, ఈ తీర్పు చదివినప్పుడు నాకు ముచ్చటేసింది.

మూడోసారి పొడిగించమని కూడా అడిగారు. ఈసారి వడ్రంగులు, మిల్లుల వాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు గట్టిగా ఎదురు తిరిగారు, అర్జీలు పెట్టారు. 1856లో పేటెంట్ పోయింది. ఆ తర్వాత ప్లేనర్లు తయారు చేసే కంపెనీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి.

కానీ ఆ మెషిన్లలో ఒక ప్రమాదం దాక్కుని ఉండింది. కత్తులు బిగించే దిమ్మ చాలా ఏళ్లు చతురస్రంగా ఉండేది. మెషిన్ పలకని తనే లాక్కునే రకం అయితే పర్లేదు. కానీ చేత్తో పలకని కత్తి మీద నెట్టే రకం ఒకటి ఉంది, మనదగ్గర సర్ఫేస్ ప్లేనర్ అంటారు. దాంట్లో చతురస్రం దిమ్మ తిరుగుతుంటే మూలకీ మూలకీ మధ్య పెద్ద సందు. పలక జారి చెయ్యి పడితే వేలు ఆ సందులోకి పోతది, తర్వాతి కత్తి వస్తది. దిమ్మని గుండ్రంగా చేస్తే సందు చిన్నదవుతది, చర్మం తెగినా వేలు మిగులుతది. ఇంత చిన్న మార్పు. 20వ శతాబ్దం మొదట్లో గానీ గుండ్రటి దిమ్మ మామూలు కాలేదు. బ్రిటన్‌లో 1922 నియమాల్లో చేత్తో నెట్టే ప్లేనర్‌కి గుండ్రటి దిమ్మ తప్పనిసరి చేశారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన రాష్ట్రాల నియమాల్లోకి కూడా ఆ మాట వచ్చింది.

అయితే ఒక మెలిక. ఆ చట్టం లెక్కలో కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే మామూలుగా 10 మంది పనివాళ్లు ఉండాల్సి వచ్చేది. మన బజార్లో ఒక షెడ్డు, ఒక మెషిన్, ఒక అన్న, ఒక తమ్ముడు. అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మన వైపు కార్పెంటర్ షాపుల్లో కూర్చుని టీ తాగేటప్పుడు ఊరికే చేతులు గమనించండి. పాతకాలం మెషిన్ల మీద పని చేసిన పెద్దోళ్లలో పది వేళ్లూ పూర్తిగా ఉన్నోళ్లు ఎంతమందో మీకే తెలుస్తది.

ఇక మన గూడూరు ఎక్కడ వస్తదో చూద్దాం. బయటివాళ్లకి గూడూరు అంటే నిమ్మకాయల మార్కెట్, రైల్వే జంక్షన్. కానీ 1890ల నుంచి ప్రపంచానికి ఈ చుట్టుపక్కల నేల తెలిసింది మైకాతో. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు గనులు. మన మైకాకి కొంచెం ఆకుపచ్చ రంగు ఉంటది, దాన్ని బట్టే గుర్తుపట్టేవాళ్లు. గనిలోంచి వచ్చిన గడ్డని పుస్తకం అంటారు, నిజంగానే పేజీలు పేజీలుగా విడిపోతది. ఆడవాళ్లు కత్తి పట్టుకుని కూర్చుని ఆ పొరల్ని విడదీసేవాళ్లు. అంత పల్చగా, అంత సమానంగా. మందాన్ని వేళ్లతోనే కొలిచే పని, మన ఊళ్లో, మెషిన్ లేకుండా.

ఆ రేకులు ఎక్కడికి పోయాయి? కరెంటు మోటర్లలోకి. బ్రష్‌లు ఉండే మోటర్‌లో కమ్యుటేటర్ అని ఒక రాగి ఉంగరం ఉంటది, నిజానికి చిన్న చిన్న రాగి పట్టీల వరస. పట్టీకీ పట్టీకీ మధ్య కరెంటు దూకకూడదు, వేడికి కాలిపోకూడదు. దానికి మైకా రేకే పెట్టేవాళ్లు, దానికి సాటి వచ్చేది దొరకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మైకా ఎంత ముఖ్యం అంటే, 1942లో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశపు మైకా కొనడానికి కలకత్తాలో జాయింట్ మైకా మిషన్ అని ఒక ఆఫీసే పెట్టాయి. కరెంటు మోటర్ రాకముందు ప్లేనర్‌ని ఆవిరి ఇంజనో, నీటి చక్రమో తిప్పాలి, పైకప్పు నుంచి పొడుగాటి బెల్టులు వేలాడాలి. అంటే పెద్ద మిల్లు ఉన్నోడికే ప్లేనర్. మోటర్ చిన్నదై మెషిన్లోనే కూర్చున్నాకే అది చిన్న షెడ్డులోకి వచ్చింది.

ఆ చిన్నదయ్యే పని ఎక్కువగా జపాన్‌లో జరిగింది. మకిటా 1915లో నగోయాలో మొదలైనప్పుడు మోటర్లు రిపేర్ చేసే షాపు. 1958లో వాళ్లు చేత్తో పట్టుకుని నడిపే కరెంటు చిత్రిక తెచ్చారు. ఈ రోజు మన ఊళ్లో తలుపు బిగించడానికి వచ్చే ప్రతి కార్పెంటర్ సంచిలో దాని మనవడో, కాపీనో ఉంటది. 1980ల మధ్యలో ర్యోబి కంపెనీ ఒక్క మనిషి ఎత్తగలిగేంత చిన్న థిక్‌నెస్ ప్లేనర్ తెచ్చింది. మిల్లు సైజు నుంచి టేబుల్ సైజుకి వచ్చేసింది.

సరే, కథ విన్నారు, ఇప్పుడు అట్టాంటి మెషిన్ మీ షెడ్డుకి వచ్చిందనుకోండి. ఏం చెయ్యాలి? యూట్యూబ్‌లో చాలామంది డబ్బా విప్పగానే పలక తోసేస్తారు. అట్టా వద్దు.

ముందు ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. కత్తుల దగ్గరికి చెయ్యి పోతున్న ప్రతిసారీ. బల్ల మీద పొడుగాటి స్టీల్ స్కేల్ నిలువుగా పెట్టి, ముందు వెనకల మడత బల్లలతో సమానంగా ఉందో లేదో చూడండి. మడత బల్లల బయటి కొనలు అర మిల్లీమీటరో కొంచెం ఎక్కువో పైకి ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే పలక లోపలికి పోయే క్షణంలో, బయటికి వచ్చే క్షణంలో దాన్ని ఒకే ఒక్క రోలర్ పట్టుకుని ఉంటది. అప్పుడు పలక బరువుకి బయటి కొన కిందికి వాలితే లోపలి కొన పైకి లేచి కత్తికి ఎక్కువ తగులుతది. కొన దగ్గర రెండు మూడంగుళాలు గుంట పడతది, దాన్ని స్నైప్ అంటారు. బల్ల కొనలు పైకి ఉంటే, చేత్తో పలకని కొంచెం ఆనిస్తే చాలావరకు పోతది. ఒక పలక వెనకే ఇంకోటి ఆనించి పంపితే గుంట మొదటి పలక ముందు కొనకీ, చివరి పలక వెనక కొనకీ మాత్రమే పడతది. మన కార్పెంటర్లు చివర్లో పనికిరాని ముక్క పంపేది అందుకే.

తర్వాత కత్తులు. అన్నీ సిలిండర్ నుంచి ఒకే ఎత్తు బయటికి ఉండాలి. ఒక లెక్క చెప్తా, బీటెక్ కదా, ఆగలేను. సిలిండర్ నిమిషానికి 8,500 చుట్లు, కత్తులు 2, అంటే నిమిషానికి 17,000 కోతలు. పలక నిమిషానికి 8.5 మీటర్లు నడుస్తది, అంటే 8,500 మిల్లీమీటర్లు. భాగిస్తే మిల్లీమీటరుకి 2 కోతలు. ఒక కత్తి కొంచెం లోపలికి ఉండిపోయిందనుకోండి, కోసేది ఒక్కటే, మిల్లీమీటరుకి 1. పలక మీద నీళ్ల అలల్లాగా గీతలు కనపడతాయి. మెషిన్ రిపేర్‌కి ఇచ్చే ముందు ఇది చూసుకోండి.

ఒక వెడల్పాటి పనికిరాని పలక పంపి, ఎడమ అంచు, కుడి అంచు వెర్నియర్‌తో కొలవండి. తేడా ఉంటే కత్తో బల్లో ఒక పక్కకి వాలింది. కొత్త మెషిన్ అయినా సరే కొలవండి, లారీలో ఎన్ని గుంతలు దాటి వచ్చిందో మనకి తెలియదు.

ఇప్పుడు అందరికీ దెబ్బ కొట్టే విషయం. థిక్‌నెస్ ప్లేనర్ మెలి తిరిగిన పలకని సాపు చెయ్యదు. రోలర్లు దాన్ని నొక్కి చదును చేస్తాయి, కత్తి కోస్తది, బయటికి రాగానే పలక మళ్లీ మెలిక తిరిగిపోతది. మీకు మిగిలేది పల్చటి మెలిక పలక. కాబట్టి కింద ఆనే ముఖాన్ని ముందే చిత్రికతోనో సర్ఫేస్ ప్లేనర్‌తోనో సాపు చేసుకోవాలి. రెండూ లేకపోతే ఒక చదునైన ప్లైవుడ్ మీద పలకని పెట్టి, సందులున్న చోట చిన్న చెక్క చీలికలు జొనిపి, కదలకుండా బిగించి, ప్లైవుడ్‌తో సహా పంపాలి. పాత వడ్రంగి రెండు కర్రలు పెట్టి కన్ను మూసి చూసిందీ ఇందుకే. మెషిన్ ఆ రెండో సగం పనే చేస్తది, మొదటి సగం ఇంకా మనదే.

ఒక్కసారికి ఎంత తియ్యాలి? సన్న పలక అయితే ఒక మిల్లీమీటరు దాకా, వెడల్పు పలక, గట్టి చెక్క అయితే అర మిల్లీమీటరు. మోటర్ గొంతు మారితే ఎక్కువ పెట్టారని అర్థం. రెండు వైపులా తిప్పి తిప్పి తియ్యండి. ఒకే వైపు తీస్తూ పోతే లోపలి తడి ఒక పక్కే బయటపడి పలక మర్నాటికి వంగుతది. రోలర్ల మధ్య దూరం కంటే పొట్టి ముక్కని పంపితే అది మధ్యలో ఎవరి చేతుల్లోనూ ఉండదు, అడ్డం తిరిగి పగులుతది. ఒకడుగు కంటే పొట్టివి పంపకండి. పలక ఆగిపోతే వంగి లోపలికి చూడకండి, ఎదురుగా నిలబడకండి, పక్కన నిలబడండి. చేతికి గుడ్డ గ్లౌజులు వద్దు, రోలర్ గ్లౌజుని పట్టుకుంటే చేతిని కూడా పట్టుకుంటది. చెవులకి మూతలు, ముక్కుకి మాస్కు. ముఖ్యంగా ముక్కుకి, టేకు పొట్టు చాలామందికి పడదు.

మన వైపు ఇంకొక సంగతి ఉంది. కొత్త టేకు రేటు చూసి చాలామంది పాత ఇళ్లు కొట్టేసినప్పుడు వచ్చే దూలాలు, ద్వారబంధాలు కొని కోయించుకుంటారు. చాలా మంచి కలప, నూరేళ్లు ఆరిపోయి ఉంటది. కానీ దాంట్లో ఎప్పటి మేకులో విరిగి లోపలే ఉంటాయి. ఒక్క మేకు తగిలితే కత్తికి పన్ను పడతది, ఆ తర్వాత పంపే ప్రతి పలక మీదా ఒక గీత లేస్తది. ఒక మంచి అయస్కాంతం దారానికి కట్టి పలక పొడుగూతా జరపండి. అది ఊగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. అంగుళం పలకని, అంటే 25 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళానికి, 19కి తెస్తే 6 మిల్లీమీటర్లు పొట్టయిపోయింది. దాదాపు నాలుగో వంతు. మీరు టేకు కొన్న డబ్బుల్లో నాలుగో వంతు సంచుల్లో కెత్తి బయట పారేస్తున్నారు. చేత్తో పట్టే వడ్రంగి పలకని ముందే ఎంచుకుని, ఎంత తక్కువ తీస్తే సరిపోతుందో అంతే తీస్తాడు, వాడి భుజం నొప్పి కాబట్టి. మెషిన్‌కి నొప్పి లేదు. పొట్టు తక్కువ కావాలంటే పొడుగు పలకని పని కొలతకి ముందే ముక్కలు కోసుకోండి. పొట్టి ముక్కలో వంపు తక్కువ, తియ్యాల్సింది తక్కువ.

ఇక ఎర్రచందనం. మన శేషాచలం, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల కొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది, పర్మిట్ లేకుండా ముట్టుకోవడానికి లేదు. దాని గుండె చెక్క నీళ్లలో మునుగుతది. జపాన్‌లో షామిసెన్ అనే తంతి వాయిద్యం మెడకి ఇదే చెక్క వాడతారు. ఏ చెట్టు నార అలలు అలలుగా ఉంటదో దానికే ఎక్కువ రేటు. ఆ అలల నారే ప్లేనర్‌కి శత్రువు. నార పైకి లేచే దిక్కులో కత్తి వస్తే సాపుగా కోస్తది, కిందికి దిగే దిక్కులో వస్తే చెక్క చీలి గుంటలు లేస్తాయి. అలల నారలో రెండు దిక్కులూ అంగుళానికొకసారి మారుతాయి. ఎటు పంపినా ఎక్కడో ఒకచోట చీలుతది.

దీనికి జవాబు చేతి చిత్రికలోనే ఉంది. కత్తి మీద ఇంకో ఇనప పట్టీ, కత్తి అంచుకి వెంట్రుకంత దూరంలో. లేచే పొట్టుని అది వెంటనే విరిచేస్తది, చీలిక ముందుకి పాకదు. 18వ శతాబ్దంలోనే ఉన్న ఈ ఉపాయం సరైన సెట్టింగ్‌ని చాలామంది మర్చిపోయారు. జపాన్‌లో యమగాటా యూనివర్సిటీకి చెందిన కవాయ్, కాటో అనే ఇద్దరు ప్రొఫెసర్లు కత్తి అంచుని మైక్రోస్కోప్‌లో వీడియో తీశారు. 2012 ప్రాంతంలో ఆ వీడియో ప్రపంచమంతా తిరిగాక మళ్లీ అందరికీ గుర్తొచ్చింది. ఒక పాత వీడియో పాత విద్యని తిరిగి తేవడం, మా వృత్తివాళ్లకి ఇంతకంటే సంతోషం ఏముంటది.

శ్రీకాళహస్తి దగ్గర ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరుంది. ఊళ్లో ఇంటింటికీ ఉలి చప్పుడే, దేవుళ్ల బొమ్మలు చెక్కుతారు. అట్టాంటి పనిలో దిమ్మని కొలతకి తెచ్చేది మెషిన్ అయినా, ముఖం దగ్గరికి వచ్చేసరికి మెషిన్‌కి పని లేదు. తలుపుల పనిలో అయితే హద్దు ఇంకోచోట ఉంటది. గూడూరులో నాకు తెలిసిన ఒక పెద్దాయన థిక్‌నెస్ ప్లేనర్‌లోంచి వచ్చిన ప్రతి పలకనీ మళ్లీ బల్ల మీద పెట్టి, పాత చెక్క చిత్రికతో రెండు మూడు సార్లు లాగుతాడు. పొట్టు ఉల్లిపొరలా చుట్టుకుని వస్తది.

"ఎందుకు మామా, మిషన్ చేసేసింది గదా?" అని అడిగా.

"ఇప్పుడు కనపడదు అబ్బయ్యా. పాలిష్ ఎక్కినాక, సాయంత్రం ఎండ పక్క నుంచి తలుపు మీద పడినప్పుడు చూడు. ఆ గీతలన్నీ లేస్తాయి. ఇంటాయన అప్పుడు నన్ను పిలుస్తాడు, మిషన్ని పిలవడు."

మిల్లీమీటరుకి 2 అని నేను కాగితం మీద వేసిన లెక్క ఆయనకి ఎండలో కనపడుతుంది.